రోడ్డు వైపు చెవి

గాజువాక
మార్చి 12

బావకి,

కాగితం చూసి కంగారుపడకు. నా ఫోన్ పాడవలేదు. ట్రంకుపెట్టెలో బట్టల కింద పెట్టేశాను, నువ్వు చేసినా ఎత్తను. నీ చెల్లెలు సూర్యకళ ఫోన్‌లో మాట్లాడదామంటే మాది ఒక్క గది. మెల్లగా మాట్లాడడం నాకు రాదు. నేను ఫోన్‌లో మాట్లాడితే పక్కింటివాళ్లు కూడా జవాబు చెబుతారు. అందుకని అప్పాయమ్మ పిన్ని బుట్టలో పంపుతున్నాను. ఆవిడ పొద్దున్నే మీ ఒడ్డున చేపలు ఎత్తుకుని ఇక్కడి మార్కెట్‌కి వస్తుంది, చదువు రాదు. నువ్వూ రాస్తే ఆవిడ చేతికే ఇయ్యి.

జరిగింది సూర్యకళ నీకు చెప్పే ఉంటుంది. నాకు తలకి కుట్లు పడ్డాయి, మోకాలు వాచింది. అంతకుమించి ఏమీ లేదు. సైకిల్ మీద డ్యూటీకి వెళుతున్నాను. ఇంకా కూర్మన్నపాలెం రాలేదు, వెనక నుంచి స్కూటీ మీద ఒక పిల్ల వచ్చి గుద్దింది. పేరు సాయిదుర్గ, దువ్వాడలో కాలేజీకి వెళుతుంది. ఆ పిల్లకి కుడి మోచెయ్యి విరిగింది. హారన్ కొట్టలేదు. నేనయితే వినలేదు.

జనం పోగయ్యారు. ఆ పిల్ల కింద పడి ఉండగానే, కొట్టాను, హారన్ కొట్టాను అంటోంది. ఎవరూ పట్టించుకోలేదు. రక్తం నా తల మీద కనపడుతోంది, ఆ పిల్లకి బయటికి ఏమీ కనపడలేదు. నా చెవిలో ఫోన్ వైరు అప్పటికే ఊడి మురిక్కాలవలో పడింది. అది ఎవరూ చూడలేదు. నేనూ చెప్పలేదు.

మూడోనాడు వాళ్ల నాన్న ఆ పిల్లని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. సత్యం ఆయన పేరు. షేర్ ఆటో నడుపుతాడు. ఆ పిల్ల కుడి చెయ్యి మెడకి కట్టి ఉంది, ఎడమ చేతిలో అరటిపళ్లు, రొట్టె. నేల చూస్తూ, తప్పయిపోయిందండీ అంది. ఇంటి దగ్గర చెప్పి తీసుకొచ్చినట్టున్నారు. నేను, సర్లేమ్మా అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు.

ఆ సమయానికి నువ్వు ఫోన్‌లో ఉన్నావని ఎవరికీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు. రాయికి పట్టేసిన వల వచ్చిందా? గుద్దగానే ఫోన్ ఎగిరిపోయి కట్టయింది కదా, నీకేమీ వినపడి ఉండదు.

దుర్గారావు


పూడిమడక
మార్చి 17

బావకి,

నీ కాగితం అందింది. పిన్ని కవళ్ల చేపల బుట్టలో పెట్టి తెచ్చింది, కింది నాలుగు లైన్లు తడిసి అలికిపోయాయి. ఎలాగో చదివాను.

వల రాలేదు. కోసేశాను. నువ్వు చెప్పిన గుర్తు సరైనదే. స్టీల్ ప్లాంటు పొగగొట్టం, కొండ కొస ఒక గీతలోకి వచ్చినచోట నీటి కింద రాయి మొదలవుతుంది. నేనే ఆ గీత దాటి వల వేశాను. నువ్వు పడవలో ఉన్నంతకాలం ఆ రాయికి ఒక్క వల పోలేదు.

నాకేమీ వినపడలేదు. కట్టయిపోయింది.

జరిగిందేదో జరిగింది. తప్పు తనదేనని ఆ పిల్లే నీ గడపలో నిలబడి చెప్పింది. ఇంకా తవ్వడం ఎందుకు. చెవిలో పాట పెట్టుకునో, మాట పెట్టుకునో సైకిల్ తొక్కేవాళ్లు గాజువాకలో నువ్వొక్కడివే కాదు. రెండు చెవులూ మూసుకుంటే తప్పు గానీ నువ్వు ఒకదానికే పెట్టుకుంటావు. రోడ్డు వైపు చెవి వదిలేయమని నేనే నీకు చెప్పాను. వదిలేశావు. నీది గేటు దగ్గర కాపలా ఉద్యోగం. ఈ సంగతి కంపెనీ దాకా వెళితే, ఏదీ చెవులు చూపించు అంటారు. ఊరుకో.

తాతబాబు


గాజువాక
మార్చి 29

బావకి,

కుట్లు విప్పారు. డ్యూటీకి వెళుతున్నాను. సైకిల్ మాత్రం ముట్టుకోలేదు. సత్యం రోజూ మా సందు చివర ఆటో ఆపి నాకోసం చూస్తున్నాడు. కూతురు చేసినదానికి తను చేయగలిగింది అదేనట. డబ్బులిస్తే చేతులు వెనక్కి పెట్టుకుంటాడు. నడిచి వెళతానంటే మొహం చిన్నబుచ్చుకుంటాడు. ఎక్కుతున్నాను.

ముందు సీట్లో ఆయనకి ఎడమ పక్కన కూర్చుంటాను. అప్పుడు నా కుడి చెవి ఆయన వైపు ఉంటుంది. కావాలనే అలా కూర్చుంటున్నాను, ఆయన మాట నాకు అందకుండా. కానీ ఎదురుగా అద్దం ఉంది. అందులో ఆయన నోరు కదలడం కనపడుతుంది. పదేళ్లు ఇంజిన్ పక్కన కూర్చున్నవాడిని, నోరు చూసి మాట తెలుసుకోవడం నాకు వచ్చిన విద్యే.

పిల్ల పరీక్షలు రాయలేకపోయిందట. స్కూటీని మేనల్లుడికి ఇచ్చేశాడట. ఆడపిల్లకి బండి ఇవ్వడం తన తప్పేనట. చెయ్యి బాగయ్యాక బట్టల షాపులో పెడతాడట, కాలేజీ చాలట. ఇంట్లో ఇప్పటికీ ఆ పిల్ల హారన్ కొట్టాననే అంటోందట. నిన్న అద్దంలో నన్ను చూస్తూ అన్నాడు.

“కొట్టుంటే ఆ మడిసికి ఇనపడదేటే అన్నాను. ఆయనేటి సెవిటోడా అన్నాను. మీరే సెప్పండి బాబూ.”

నేను రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

ఈరోజు ఇంకోటి జరిగింది. ఒక కుర్రాడు చెవులకి పెద్ద డిప్పలు పెట్టుకుని, సైకిల్ తొక్కుకుంటూ మా ముందునుంచి వెళ్లాడు. సత్యం హారన్ కొట్టాడు, వాడు కదల్లేదు. ఇక ఆటోలో తగువు మొదలయింది. వెనక కూర్చున్న ముసలాయన, ఆడి సెవుల్లోవి పీకి కాలవలో పారెయ్యాలన్నాడు. అచ్యుతాపురం కంపెనీలో పనిచేసే కుర్రాడొకడు ఊరుకోలేదు.

“కారోళ్లు అద్దాలెత్తేసి పాటలెట్టుకుంటారు గదా తాతా, ఆళ్లకి ఇనపడతాదా? సైకిలోడే దొరికాడా నీకు?”

“కారోడికి ఎనకాల కనపడ్డానికి అద్దముంది. ఈడికేటుంది, మెడుంది. ఈడు తిప్పుతాడా?”

కారువాడిని గుద్దితే రేకు పోతుంది, సైకిలువాడిని గుద్దితే మనిషి పోతాడు, కాబట్టి వాడే ఎక్కువ వినాలని ముసలాయన. బుర్రలో ఇల్లు, అప్పులు, ఆఫీసు పెట్టుకుని తొక్కేవాడికి మాత్రం ఏం వినపడుతుంది, వైరు ఒక్కదాని మీదే ఎందుకు పడతారని కుర్రాడు. పూలబుట్ట పట్టుకున్న ఒకావిడ, ఒక చెవికి పెట్టుకుంటే పర్వాలేదంట కదా అని మధ్యస్తం చేసింది. అప్పుడు సత్యం నా భుజం మీద చెయ్యేసి అన్నాడు, ఇంత పద్ధతిగా తనదారిన తను వెళ్లే మనిషినే మా గుంటపిల్ల గుద్దిందని. అందరూ నా తల మీద మచ్చ చూసి అయ్యో అన్నారు.

రోడ్డు వైపు చెవి వదిలేశానని రాశావు. వదిలేశాను బావా. ఎడమ అంచున తొక్కుతాం, బళ్లు కుడి పక్కనుంచి వస్తాయి. నా కుడి చెవి ఎంత పనిచేస్తుందో నీకన్నా తెలిసినవాడు ఎవడు?

దుర్గారావు


పూడిమడక
ఏప్రిల్ 6

బావకి,

నీ కాగితం జేబులో పెట్టుకుని రెండుసార్లు వేటకి వెళ్లివచ్చాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ సలహా ఇచ్చినప్పుడు నా చెవులు తలుచుకుని ఇచ్చాను. నీ చెవి గుర్తు రాలేదు. చుక్కాని పట్టుకుని కూర్చుంటే ఇంజిన్ నీ కుడి పక్కన ఉండేది. నీకు ఏదైనా చెప్పాలంటే నేను ఎడమ పక్కకి వచ్చి చెప్పేవాడిని, లేకపోతే భుజం తట్టేవాడిని. అన్నేళ్లు అలా చేశాను. నువ్వు పట్నం వెళ్లాక అక్కడ నీ భుజం తట్టేవాడు ఉండడని ఒక్కసారి కూడా అనుకోలేదు. మంచి చెవి మూసుకుని, చచ్చిన చెవి రోడ్డుకి అప్పగించమని చెప్పాను. ఉద్యోగంలో చేరేటప్పుడు చెవి సంగతి బయటపెట్టొద్దన్నది కూడా నేనే.

ఆ ఉదయం నువ్వు, రోడ్డు మీదున్నాను బావా, ఎల్లాక సేత్తాను అన్నావు. ఫోన్ పెట్టీకు, పెట్టీకు, వల పోతాది అన్నాను. ఆ వల ఎలాగూ పోయింది.

పిన్నితో కోనాం చేప ముక్కలు పంపుతున్నాను. ఆ పిల్లవాళ్లింట్లో ఇయ్యి. ఎముకకి మంచిదంటారు. నా పేరు చెప్పనక్కర్లేదు. పదిహేనో తేదీ నుంచి వేట బందు, తరవాత రెండు నెలలు మంచి చేప దొరకదు.

తాతబాబు


గాజువాక
మే 4

అన్నయ్యకి,

నేను సూర్యకళని. పిన్ని బుట్టలో కాగితాలు ఇటూ అటూ తిరుగుతున్నాయని నాకు తెలుసు. ఒక్కటి కూడా విప్పి చూడలేదు. అందుకే అడుగుతున్నాను.

ముఖం కూడా ఎరగని పిల్లకి నువ్వు కోనాం ఎందుకు పంపావు? గిన్నె పట్టుకుని నేనే వెళ్లి ఇచ్చాను. వాళ్లమ్మ ఖాళీ గిన్నె ఇవ్వడం ఇష్టంలేక బెల్లం పొట్లం వేసి ఇచ్చింది. అది మోసుకుని వస్తుంటే నా చేతులు బరువెక్కాయి. తప్పు మాదో వాళ్లదో కూడా తెలియకుండా మోశాను.

ఆ పిల్ల చెయ్యి ఇంకా పూర్తిగా చాపలేకపోతోంది. చేతికి నీళ్ల బకెట్టు తగిలించుకుని గుమ్మంలో నిలబడి చాపుతోంది, పళ్లు బిగపట్టి. నన్ను గుమ్మం దాకా సాగనంపి ఒక మాట అడిగింది.

“అంకుల్ అంచున ఎల్తన్నారు ఆంటీ. నాను కొట్టుకుంటూ పక్కనుంచి ఎల్తన్నాను. ఉన్నట్టుండి నా మీదకి తిప్పేసారు. ఎందుకు తిప్పారో అడుగుతారా?”

ఇంటికొచ్చి అడిగాను. అన్నం ముందు నుంచి లేచి బయటికి వెళ్లిపోయారు. గొయ్యి ఉండి తిప్పానని ఆస్పత్రికి వచ్చిన పోలీసులకి చెప్పారు కదా అని నేనే వెళ్లి ఆ చోటు చూసి వచ్చాను. అక్కడ గొయ్యి లేదు.

నిన్న పిన్ని ఎండు చేపలు తెచ్చింది. మాటల్లో అంది, ఆ రోజు నువ్వు పడవలో ఫోన్ పట్టుకుని, తిప్పు బావా తిప్పు అని అరిచి, అక్కడే కూలబడిపోయావని నీ పడవలో పనిచేసే సింహాద్రి ఊరంతా చెప్పాడట. వల పోయినందుకు అనుకున్నారట అందరూ.

నీకు బావ అయినవాడు ఒక్కడే. మీరిద్దరూ నాకు అబద్ధం చెప్పలేదు. ఏమీ చెప్పలేదు, అంతే. నాకు జవాబు రాయొద్దు. రాయాల్సినవాళ్లకి రాయి.

సూర్యకళ


పూడిమడక
మే 11

బావకి,

హారన్ నాకు వినపడింది.

వల పట్టేసిందని ఇంజిన్ ఆపి ఉంచాను. గాలి కూడా లేదు. నీ మైకులోంచి అన్నీ వినపడుతున్నాయి, లారీలు, బస్సువాడి కేకలు, నీ గొలుసు కీచుమనడం. వాటి మధ్యలోంచి సన్నటి హారన్ వచ్చింది. ముందు దూరంగా ఒకటి. తరవాత దగ్గరగా ఒకటి, గట్టిగా. నువ్వు మాత్రం, పొగగొట్టం కొండ కొస మీదికి వచ్చిందా బావా అని అడుగుతూనే ఉన్నావు. మాట తడబడలేదు. అప్పుడు అర్థమయింది నీకు వినపడడం లేదని. భుజం తట్టడానికి నువ్వు పక్కన లేవు. తిప్పు బావా అని అరిచాను.

నా గొంతు నీ మంచి చెవిలో ఉంది. సముద్రంలో ఆ మాట వింటే ముందు తిప్పుతాం, తరవాత చూస్తాం. ఒడ్డు పక్కకి తిప్పితే రాళ్లు, కాబట్టి లోతు పక్కకే తిప్పుతాం. నేను నేర్పిందే. రోడ్డుకి ఒడ్డు నీ ఎడమ పక్కన ఉంది. లోతు పక్కన ఆ పిల్ల ఉంది.

గొయ్యి ఉందని నువ్వు పోలీసులకి చెప్పావట. నాకు కూడా రాయలేదు నా అరుపుకే తిప్పావని. నాకోసం దాచావు. నేను విన్నదాన్ని నీకోసం దాచాను. అలా అనుకున్నాను గానీ నాకోసం కూడా దాచుకున్నాను. మనిద్దరం ఒకరికొకరం మేలు చేసుకున్నాం, ఆ పిల్ల మీ ఇంటికొచ్చి క్షమాపణ చెప్పింది.

నేనే వచ్చి వాళ్లతో చెబుదామని మొన్న బయలుదేరాను. అచ్యుతాపురంలో ఆటో దిగి, గాజువాక బస్సు ఎక్కకుండా టీ తాగి వెనక్కి వచ్చేశాను. ఇది కూడా దాచడం ఎందుకని రాస్తున్నాను.

నువ్వు చెప్పు. నా పేరు కూడా చెప్పు.

తాతబాబు


గాజువాక
మే 26

బావకి,

చెప్పాను.

నీ కాగితం వచ్చాక కూడా పదిరోజులకు పైగా ఆ ఆటోలోనే వెళ్లానని ముందు రాయాలి. రోజూ రేపు అనుకున్నాను. ముందుగా సూర్యకళకి చెప్పాను. విని, అన్నం పెట్టింది. మర్నాడు నేను బయలుదేరుతుంటే ఆ బెల్లం పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇన్నాళ్లూ విప్పలేదట.

ఆ రోజు సత్యానికి కుడి పక్కన కూర్చున్నాను, ఎడమ చెవి ఆయన వైపు ఉండేలా. ఎంత తిట్టినా వినాలని. కూర్మన్నపాలెంలో జనం దిగిపోయాక మొదలుపెట్టాను. వైరు సంగతి, చెవి సంగతి, గొయ్యి లేదన్న సంగతి, నీ అరుపు. ఆయన ఆటో పక్కకి తీసి ఆపాడు. తిట్టలేదు. అద్దంలో చూడలేదు, నా వైపు తిరిగి చూశాడు. ఇన్నాళ్లూ మీరు, బాబూ అన్న మనిషి.

“నా పక్కన కూకుని, నా కూతుర్ని నాను తిడతా ఉంటే ఇన్నావు. రోజూ ఇన్నావు.”

తరవాత, దిగు అన్నాడు. దిగాను.

డ్యూటీ దిగాక బెల్లం పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. లోపలికి రమ్మనలేదు, గుమ్మం దగ్గరే నిలబడి మళ్లీ మొత్తం ఆ పిల్లకి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. కోప్పడుతుందనుకున్నాను, అదీ లేదు. మీకు ఇనపడనప్పుడు నాను కొట్టానని మీకెలా తెలుసు అంది. మా బావ విన్నాడమ్మా అన్నాను. ఆయనెక్కడున్నారు అంది. సముద్రంలో అన్నాను.

సత్యం నవ్వాడు. ఆ నవ్వు బాగోలేదు. “పక్కనున్నోడికి ఇనపడనేదు, సముద్రంలో ఉన్నోడికి ఇనపడిందంట. ఇంకో కత సెప్పడానికి వచ్చాడే.” కూతురు మీద జాలిపడి కట్టుకొచ్చానని ఆయన అనుమానం. నాది చెవిటి చెవి అని రుజువు చేయమంటే చేయగలను. హారన్ మోగిందని నేను ఎలా రుజువు చేస్తాను? నేను వినలేదు.

ఆ పిల్ల నీ నంబరు అడిగింది. ఇచ్చాను. బెల్లం తీసుకోలేదు, అరుగు మీద పెట్టి వచ్చాను.

ఫోన్ వస్తుంది బావా. ఎత్తు.

ఇప్పుడు నడిచి వెళుతున్నాను. కంపెనీలో చెవి సంగతి సత్యం చెబుతాడో లేదో తెలియదు. నేనే చెప్పేస్తానని గేటు దగ్గర రెండుసార్లు సూపర్‌వైజర్ ముందు నిలబడ్డాను. ఇంకా చెప్పలేదు.

దుర్గారావు


పూడిమడక
జూన్ 3

బావకి,

ఫోన్ వచ్చింది. పడవకి రంగు వేస్తున్నాను. చేతులకి రంగు ఉందని సింహాద్రి ఎత్తి నా చెవికి పెట్టబోయాడు. వద్దని నేనే తీసుకున్నాను. ఫోన్ నిండా నీలం రంగు, ఇంకా పోలేదు.

అవతల వాళ్లు స్పీకర్‌లో పెట్టినట్టున్నారు, గదిలో ఫ్యాన్ చప్పుడు వస్తోంది. మీరు దుర్గారావు గారి బావగారా అంది. అవునమ్మా అన్నాను. ఆ రోజు మీకేటి ఇనపడిందో సెప్పండి అంది. చెప్పాను. నీకు రాసినట్టే చెప్పాను, ఎక్కువా లేదు, తక్కువా లేదు. నేనే వాడిని ఫోన్ పెట్టనివ్వలేదని చెప్పాను. నేను అరిచానని, వాడు నా అరుపుకి తిప్పాడని చెప్పాను. వెనక ఎవరో దగ్గారు, వాళ్ల నాన్న అనుకుంటాను.

ఆ పిల్ల మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. నేను ఆపేశాక అడిగింది.

“ఎన్నిసార్లు కొట్టాను?”

“రెండుసార్లమ్మా.”

నాకు భయం వేసింది బావా, ఇంతా చేసి తప్పు చెప్పానేమోనని. తరవాత మెల్లగా అంది.

“మూడు. ఆయన మీదకి తిప్పేసినప్పుడు మూడోది కొట్టాను. పడిపోయేదాకా బొటనేలు తియ్యనేదు.”

అవతల వాళ్ల నాన్న గొంతు, ఫోన్‌కి దూరంగా, ఇంట్లో ఎవరితోనో, మూడు కొట్టిందంట అన్నాడు. మళ్లీ అన్నాడు. ఆ పిల్ల, ఉంటానండీ అని పెట్టేసింది. మనల్ని క్షమించిందో లేదో అడగలేదు, ఆమె చెప్పలేదు. స్కూటీ వెనక్కి తెస్తారో, కాలేజీకి పంపుతారో నాకు తెలియదు. నీకు తెలిస్తే రాయి.

మూడోది నాకు ఎందుకు వినపడలేదా అని రంగు ఆరేదాకా ఒడ్డున కూర్చున్నాను. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. అది మోగే సమయానికి నేను అరుస్తున్నాను. నా అరుపులో నాకే వినపడలేదు.

నీ చెవిలో పడింది కూడా ఆ అరుపొక్కటే.

తాతబాబు